ఓటమికి ఒక్కడే కారణమా?

జట్టు ఓడిన రాత్రి అభిమానులు ముందు వెతికేది దోషిని. ఆఖర్లో తప్పిన ఆటగాడే అందరి కంటా పడతాడు. 1991 జనవరి 27న అమెరికన్ ఫుట్‌బాల్ సూపర్ బౌల్‌లో బఫెలో బిల్స్ ఒక్క పాయింటు తేడాతో, 19-20 స్కోరుతో, న్యూయార్క్ జెయింట్స్ చేతిలో ఓడింది. ఆట ముగియబోతుండగా బిల్స్ కిక్కర్ స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి తన్నిన బంతి గోల్ స్తంభాలకు కుడిపక్కగా పోయింది. జనానికి గుర్తుండిపోయింది ఆ కిక్కే. కానీ 60 నిమిషాల ఆటలో 40 నిమిషాలకు పైగా బంతి జెయింట్స్ దగ్గరే ఉంది. బిల్స్ రక్షణ వరుస వాళ్లను నిలువరించలేకపోయింది, దాడి వరుసకు ఆడే వ్యవధే చిక్కలేదు.

తన్నడానికే జీతం తీసుకుంటున్నాడు కదా అని అడగవచ్చు. నిజమే, ఆ కిక్కుకు నార్వుడే జవాబుదారీ. అయితే పచ్చిక మైదానంలో 47 గజాలు అతనికి తేలికైన దూరం కాదు. గెలుపంతా ఆ ఒక్క కిక్కు మీదికి వచ్చేలా చేసింది జట్టంతా. విమర్శ వద్దని కాదు, ఆటంతా చూసి విమర్శించాలి. మర్నాడు బఫెలోలో గుమిగూడిన వేలాది అభిమానులు నార్వుడ్ పేరు పిలిచి మరీ హర్షధ్వానాలు చేశారు. గెలుపును జట్టంతటికీ పంచేవాళ్లు ఓటమినీ అలాగే పంచాలి.