పెరటి కోడిపిల్లలు: మా సంఘం నేర్చుకున్న పాఠం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మమ్మల్ని కోడిపిల్లల పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మా సంఘంలో ఎక్కువ చదువంటే పదో తరగతే. పుస్తకాల్లోని మాటలు చెప్పడం మాకు రాదు. చేసి చెడిపోయింది, మళ్లీ చేసి బాగుపడింది మాత్రం దాచకుండా చెప్తాం. నష్టపోయింది కూడా చెప్పాలని మా సంఘంలో తీర్మానం చేసుకునే వచ్చాం.

కోళ్లు మనకు కొత్తవి కావు. మన అమ్మలు, అత్తలు గంప కింద కోళ్లను కమ్మి పెంచినవాళ్లే. తల్లికోడి ఇరవై ఒక్క రోజులు పొదిగేది, పిల్లలను రెక్కల కింద పెట్టుకునేది, గద్ద వస్తే అరిచేది. మనం చేసేదల్లా పొద్దున గంప లేపడం, నాలుగు నూకలు చల్లడం. అందుకే కోళ్లంటే మాకు తెలియనిదేముందిలే అనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం.

మొదటి ఏడాది మా సంఘంలో పది మందిమి తలా 3,000 రూపాయలు సంఘం పొదుపులోంచి అప్పు తీసుకున్నాం. పిల్లలకు 500, మిగతావి దాణాకు, గూటికి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అని పెరటికి సరిపడే రకాలు తయారు చేశారని శిక్షణలో విన్నాం. వనరాజా బరువు బాగా వస్తుంది, గ్రామప్రియ గుడ్లు ఎక్కువ పెడుతుంది. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గ్రామప్రియ నూట యాభై దాటుతుందని చెప్పారు. ఇంకేముంది, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గుడ్ల డబ్బులతో ఎవరేం కొనాలో కూడా మాట్లాడుకున్నాం.

ఆషాఢంలో ఒకరోజు వయసు పిల్లలు 200 తెప్పించాం. ఒక్కోటి 25 రూపాయలు. బండి దిగిన గంటలోనే ఇంటికి 20 చొప్పున పంచేశాం. అలా పంచమని చెప్పింది లీడర్లమైన మేమే. అందరికీ సమానంగా, వెంటనే ఇస్తే తగాదా ఉండదనుకున్నాం. వాటికి తల్లి లేదన్న సంగతి మర్చిపోయాం.

ఆ రాత్రే వాన. కొందరు అట్టపెట్టెలో పెట్టారు, కొందరు గంప కింద కమ్మారు, కొందరు వంటింటి మూలకు వదిలారు. చలికి పిల్లలన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందివి ఊపిరాడక చచ్చిపోయాయి. ఇద్దరిళ్లలో లోతు గిన్నెలో నీళ్లు పెడితే అందులో పడి పోయాయి. తర్వాత పారుడు రోగం పట్టింది. మూడు వారాల్లో 137 పోయాయి, 63 మిగిలాయి.

మాలో ఒక అక్క ఉంది. ఆమె భర్త రెండేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. కూలికి పోలేక, ఇంటిపట్టున ఉండి చేసుకోవచ్చని కోళ్లు పెట్టుకుంది. 20 పిల్లల్లో ఆమెకు 3 మిగిలాయి. నెల మీటింగ్‌కు ఆ మూడింటినీ బుట్టలో పెట్టుకుని వచ్చి చాప మధ్యలో పెట్టింది. "కిస్తీ ఇరవైకి కట్టమంటారా, మూడింటికి కట్టమంటారా? మీరే చెప్పండి" అన్నది. ఎవ్వరికీ నోరు పెగల్లేదు.

ఆ రోజు చాలాసేపు వాదించుకున్నాం. అప్పు మాఫీ చేస్తే అది అందరి పొదుపు. మాఫీ చేయకపోతే ఆమె సంఘం మానేస్తుంది. చివరకు అప్పు అప్పుగానే ఉంటుంది, కిస్తీలు ఆరు నెలలు ఆపుతాం, ఆ ఆరు నెలలకు వడ్డీ ఉండదు అని రాసుకున్నాం. పుట్టిన రోజు పిల్లలను వేడి ఏర్పాటు చూడకుండా పంచడం లీడర్ల తప్పు అని కూడా రాశాం. ఆ మాట మా చేత్తోనే రాశాం. రాసేటప్పుడు సిగ్గనిపించింది. కానీ ఆ మాట రాయకపోతే రెండోసారి ఎవరూ మా మాట నమ్మేవాళ్లు కాదు.

తర్వాత పశువుల దవాఖాన డాక్టరు గారి దగ్గరికి, పక్క మండలంలో పిల్లలు పెంచే ఒక అక్క దగ్గరికి పోయి చూసి వచ్చాం. మాకు అర్థమైంది ఒక్కటే. కోడిపిల్లకు మొదటి నాలుగు వారాలే గండం. ఆ నాలుగు వారాలు పది ఇళ్లలో పది మంది పడే కష్టం, ఒక్క ఇంట్లో అందరం కలిసి పడితే సరిపోతుంది.

అందుకని దసరా తర్వాత మళ్లీ 200 తెప్పించి, ఈసారి పంచకుండా ఒక్క ఇంట్లోనే పెట్టాం. ఎవరింట్లో అంటే, ఆ మూడు పిల్లల అక్క ఇంట్లోనే. ఎప్పుడూ ఇంట్లో ఉండే మనిషి ఆమే. నెల దాటి బతికిన ప్రతి పిల్లకు 10 రూపాయలు ఆమెకు ఇవ్వాలని ఒప్పందం. రాత్రి కాపలాకు తలా ఒక రాత్రి వంతు వేసుకున్నాం. ఆమెకెందుకు ఇవ్వాలని ఇద్దరు అలిగారు. వాళ్ల వంతు రాత్రి రెండు సార్లు లేచి పిల్లలను చూశాక ఇక ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఎలా పెంచామో చెప్తాం. ఇక్కడ కొంచెం చెవి పెట్టి వినండి.

పిల్లలు రాకముందే గది కడిగి, సున్నం వేసి, ఆరబెట్టాలి. నేల మీద రెండు మూడు అంగుళాల మందాన పొడి వడ్ల ఊక పరచి, పైన కాగితాలు వేయాలి. అడుగున్నర ఎత్తు అట్టలతో గాని రేకుతో గాని గుండ్రంగా దడి కట్టాలి. గుండ్రంగానే ఎందుకంటే మూల ఉంటే పిల్లలు అక్కడికి చేరి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పెరిగేకొద్దీ దడి వెడల్పు చేస్తూ, వారం పది రోజులకు తీసేయొచ్చు.

దడి మధ్యలో బల్బులు వేలాడదీయాలి. వంద పిల్లలకు నూరు వాట్ల బల్బులు రెండు. ఇక్కడ మేము ఒక తప్పు చేయబోయి ఆగాం. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఎల్ఈడీ బల్బులు. అవి వెలుతురు ఇస్తాయి గాని పిల్లలకు సరిపడే వేడి ఇవ్వవు. లోపల తీగ ఎర్రగా కాలే పాత రకం బల్బే కావాలి. కరెంటు పోతే బొగ్గుల కుంపటి తయారుగా పెట్టుకున్నాం. కుంపటి పెట్టినప్పుడు పిల్లలకు అందకుండా చుట్టూ జాలి, పొగ పోవడానికి పైన కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూసి కుంపటి పెడితే పిల్లలకే కాదు, కాపలా ఉన్న మనిషికీ ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలని, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించాలని డాక్టరు గారు చెప్పారు. మా దగ్గర కొలిచేది లేదు. పిల్లలను చూసే తెలుసుకున్నాం. బల్బు కిందికి గుంపుగా చేరి అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒక పక్కకే చేరితే ఎక్కడి నుంచో గాలి కొడుతున్నట్టు. దడి అంతా పరుచుకుని తింటూ, తాగుతూ, పడుకుంటూ ఉంటే అంతా బాగున్నట్టు.

పిల్లలను తీసుకునేటప్పుడు కళ్లు మెరుస్తున్నాయా, బొడ్డు ఆరిందా, వెనక భాగం శుభ్రంగా ఉందా చూడండి. మారెక్స్ టీకా మొదటి రోజే పిల్లలు తీసేచోటే వేస్తారు. వేశారా అని అడగండి, రసీదు మీద రాయించుకోండి. మొదటిసారి మేము అడగలేదు.

వచ్చిన వెంటనే ముందు నీళ్లు, తర్వాతే మేత. ఒక్కో పిల్ల ముక్కు నీళ్లలో ముంచి తాగడం చూపించాలి. ప్రయాణం బడలికకు మొదటి పూట నీళ్లలో కాస్త బెల్లం కలిపాం. నీళ్లు లోతులేని పళ్లెంలోనే పెట్టి, అందులో గులకరాళ్లు వేయాలి. రాళ్ల సందుల్లో ముక్కు పెడతాయి గాని మునగవు. మొదటి రోజు కాగితం మీద మక్క నూకలు చల్లాం, రెండో రోజు నుంచి పిల్లల దాణా. ఊక రోజూ కలియబెట్టాలి. నీళ్లు ఒలికి తడిసిన చోట ఊక వెంటనే తీసేయాలి. తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది. గదిలోకి వెళ్తే కళ్లు మండుతున్నాయంటే ఊక చెడినట్టే.

ఇక టీకాలు. మొదటి వారంలో కొక్కెర రోగానికి లసోటా చుక్క కంట్లో గాని ముక్కులో గాని. రెండు వారాలకు గంబోరో చుక్క. నాలుగు వారాలకు మళ్లీ లసోటా. ఎనిమిది, పది వారాల మధ్య కొక్కెరకు సూది. మశూచి టీకా ఎప్పుడు వేయించాలో డాక్టరు గారిని అడగండి. మందు మంచులో పెట్టే తేవాలి. సీసా కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి, మర్నాటికి పనికిరాదు.

అక్కలారా, సంఘం ఎందుకో మాకు ఇక్కడే తెలిసింది. సీసాలో వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువకో సరిపడా మందు ఉంటుంది. పది కోళ్లున్న ఒక్క ఇల్లు సీసా కొంటే ముప్పాతిక పైగా పారబోయాలి. అందుకే ఒంటరిగా ఎవరూ టీకా వేయించరు. కోళ్లు పోతే మా రాత అనుకుంటారు. అది రాత కాదు. పదిళ్ల కోళ్లు ఒక్కచోట చేరితే సీసా ఖర్చు తలకు కొద్దిగానే పడుతుంది.

ఇప్పుడు లెక్క. 200 పిల్లలకు 5,000, దాణా మూడు బస్తాలు 6,000, ఊక, బల్బులు, కరెంటు, టీకాలు 1,140, పెంచిన అక్కకు 1,860. మొత్తం 14,000. నెల దాటి బతికినవి 186. అంటే నెల పిల్ల ఒక్కోటి 75 రూపాయలు పడింది. మొదటి ఏడాది మిగిలిన 63 పిల్లలకు దాణా లెక్కేయకుండా, కొన్న డబ్బులు మాత్రమే పంచి చూసినా ఒక్కోటి 79 పడింది. చవక అనుకున్నదే మనకు ఖరీదైంది.

తలా 18 పంచుకున్నాం, మిగిలిన 6 ఆ అక్కకే ఇచ్చాం. అయిదారు వారాలు దాటాక పగలు పెరట్లోకి వదిలాం. సాయంత్రం ఒకే చోట, ఒకే వేళకు గింజలు వేస్తే గూటికి తిరిగొస్తాయి. గూడు నేలకు ఎత్తుగా, జాలి గట్టిగా ఉండాలి. ఇంకో సంగతి. ఈ రకాలు పొదుగుతాయని నమ్మకం పెట్టుకోవద్దు. వాటి గుడ్లను నాటుకోడి కింద పెట్టి పిల్లలు తీసినా తల్లిలాగా రావు. కొత్త పిల్లలను మళ్లీ తెచ్చుకోవాల్సిందే. అందుకే నాటుకోళ్లను వదులుకోకండి, రెండూ ఉండాలి.

అంతా బాగా జరిగిందని చెప్పి దిగిపోతే అబద్ధం చెప్పినట్టు. పది వారాల సూది రోజు మూడిళ్ల వాళ్లు పత్తి ఏరడానికి పోయారు. కూలి పోతుందని రాలేదు. మేమూ రేపు చూద్దాంలే అన్నాం. ఆ రేపు రాలేదు. నెల తిరగకముందే ఆ మూడిళ్లలో కొక్కెర వచ్చి, 54 కోళ్లలో 41 ఒక్క వారంలో పోయాయి. పక్కిళ్లలో సూది పడ్డవి దాదాపు అన్నీ నిలబడ్డాయి. ఇప్పుడు సూది తెల్లవారుజామున, కూలికి పోకముందే, దీపం పెట్టుకుని వేయిస్తున్నాం.

మిగిలినవాళ్లం మాఘమాసం పెళ్లిళ్లకు, జాతరకు పుంజులు అమ్ముకున్నాం. పెట్టలు గుడ్లు మొదలుపెట్టాయి. ముందు ఇంట్లో పిల్లలకు, తర్వాతే అమ్మకానికి అని మాట్లాడుకున్నాం. ఆ అక్క ఆగిన కిస్తీలు మొదలుపెట్టింది, ఇంకా మూడు మిగిలున్నాయి. పక్క ఊరి సంఘం వాళ్లు తమకూ నెల పిల్లలను పెంచి ఇమ్మని ఆమెను అడుగుతున్నారు.

మేము సమాఖ్యను కోరేది రెండే. గ్రామానికి ఒక ఇల్లు నెలదాకా పిల్లలను పెంచేలా చూడాలి. ఊరంతటికీ టీకా రోజు ఒకటే పెట్టాలి, సంఘంలో లేనివాళ్ల కోళ్లకు కూడా వేయాలి. వాళ్ల కోడీ మన కోడీ ఒకే పెంట మీద గీరుకు తింటాయి. రోగానికి సంఘం తెలియదు.

కొత్తగా మొదలుపెట్టే చెల్లెళ్లు ముందు మా ఊరు రండి. వచ్చే విడత పిల్లలు దిగిన రోజు రాత్రి మాతో పాటు కాపలా ఉండండి. మా నష్టం చూసి మీరు నేర్చుకుంటే ఆ 137 పిల్లలు ఊరికే పోలేదనుకుంటాం.