చావు వాయిదా అడగదు

(ఖైదీల హక్కుల మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఊర్లల్ల ఎవరన్న చనిపోతే ఏడుపు వెంటనే వినబడే మాట "ఇంకా ఎవరెవరు రావాలె?" అని. దుబాయి నుంచి కొడుకు రావాలంటే శవాన్ని ఐసు పెట్టెల పెట్టి రెండు రోజులైనా ఆగుతరు. విమానం ఎప్పుడు దిగుతదో తెలుసు కనుక ఆగుతరు. చర్లపల్లి జైలు నుంచి రావాల్సిన కొడుకు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పేవాడు ఎవడూ లేడు. అసలు వస్తడా రాడా అన్నదీ తెలియదు. అందుకే చాలా ఇండ్లల్ల పెద్దమనుషులు "ఇగ లేపుండ్రి" అంటరు. పాడె లేస్తది.

ప్రొఫెసర్ సాయిబాబ సంగతి మీకందరికీ తెలిసిందే. అయినా మళ్లీ చెప్పుకోవాలె. పోలియోతో రెండు కాళ్లు పడిపోయిన కొడుకును చంకనేసుకుని బడికి మోసిన తల్లి సూర్యవతి. ఆ కొడుకు ఢిల్లీలో ఇంగ్లీషు ప్రొఫెసర్ అయిండు. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. చక్రాల కుర్చీ మనిషి నాగపూర్ జైల్లో, క్యాన్సర్‌తో తల్లి హైదరాబాద్‌లో. 2020లో తల్లిని చూసుకుంటానని పెరోలు అడిగితే, హైదరాబాద్‌లో తమ్ముడి ఇల్లు కరోనా కంటైన్‌మెంట్ జోన్‌లో ఉందని జైలు అధికారులు కాదన్నారు. హైకోర్టుకు పోయినా ఫలితం లేదు. ఆగస్టు 1న తల్లి కన్నుమూసింది. అంత్యక్రియలకు పోనియ్యలేదు. తర్వాత కర్మకాండకూ పోనియ్యలేదు.

ఆమె పోయింది శనివారం నాడు. ఈ వారం పేరు ఎందుకు చెప్తున్ననంటే, 2022 అక్టోబర్ 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి సాయిబాబను విడుదల చేయమంటే, మర్నాడే, శనివారం సెలవు రోజున, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపింది. సెలవు నాడు కూడా కోర్టు కూర్చోగలదని, ఒక్క రోజులో పని కాగలదని మనకు అట్ల తెలిసింది. 2024 మార్చి 5న అదే హైకోర్టు మళ్లీ నిర్దోషి అని తీర్పు చెప్పింది. బయటకొచ్చినంక ఆయన పత్రికలవాళ్ల ముందు చెప్పుకున్న బాధల్ల తల్లి బాధ ఉంది. నిర్దోషి అన్న తీర్పు వచ్చింది గని తల్లి ఆఖరి చూపు ఎవరు తెచ్చిస్తరు? ఏడు నెలలకే, అక్టోబర్ 12న, నిమ్స్‌లో ఆయనా పోయిండు.

ఇది సాయిబాబ ఒక్కడిదే కాదు. పేరున్నవాళ్లది పేపర్ల వస్తది, పేరులేనివాళ్లది రాదు, అంతే తేడా. 2022 చివరి నాటి సర్కారు లెక్క ప్రకారం దేశంలోని జైళ్లల్ల 5,73,220 మంది. అందుల 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ఇంకా నేరం రుజువు కానివాళ్లు. విచిత్రం చూడండి, పెరోలు అన్నది శిక్ష పడ్డవాళ్లకు. విచారణ ఖైదీ తల్లి చస్తే వకీలును పట్టుకుని, మధ్యంతర బెయిలు కోసమో ఎస్కార్టు కోసమో కోర్టుకు పోవాలె. వకీలు లేనోడు? శిక్ష పడ్డోనికి మాత్రం సుఖమా అంటే అదీ లేదు. దరఖాస్తు పోవాలె, పోలీసు విచారణ నివేదిక రావాలె, సంతకం కావాలె. కాగితం తిరిగొచ్చేటాళ్లకు ఇంటికాడ దినాలు కూడా అయిపోతయి.

నతాషా నర్వాల్ ఢిల్లీ పరిశోధక విద్యార్థిని. కరోనాతో ఆస్పత్రిలో ఉన్న తండ్రి మహావీర్ నర్వాల్‌ను చూడనియ్యమని బెయిలు అడిగింది. ఆ పిటిషన్ విచారణకు రాకముందే, 2021 మే 9న, తండ్రి పోయిండు. మర్నాడు హైకోర్టు మూడు వారాల బెయిలిచ్చింది. బతికున్నప్పుడు అందని కాగితం కాటికి పోవడానికి అందింది. అదన్నా అందింది, అని సంతోషపడాల్సిన స్థితిలో ఉన్నం.

పారిపోతరు అంటరు. కోర్టు వాయిదాలకు వందల మందిని రోజూ వ్యాన్లల్ల తిప్పుతున్నరు కదా! వాయిదాకు దొరికే ఎస్కార్టు కాటికెందుకు దొరకదు? (వాయిదాలకూ ఎస్కార్టు లేదని ఖైదీలను తీసుకురాని రోజులు ఎన్ని ఉన్నయో వకీలు మిత్రులకు తెలుసు, అది వేరే కథ.) శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది మన విశాఖ సెంట్రల్ జైలు ఖైదీలే.

నెల్సన్ మండేలా రాబెన్ ద్వీపంలో ఉండగా 1968లో తల్లి పోయింది. మరుసటి ఏడు పెద్ద కొడుకు కారు ప్రమాదంలో పోయిండు. రెంటికీ ఆయనను పోనియ్యలేదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఖైదీల కోసం ఆమోదించిన నియమాలకు ఆయన పేరే పెట్టిన్రు. 70వ నియమం ఏమంటదంటే, దగ్గరివాళ్ల జబ్బు, చావు కబురు ఖైదీకి వెంటనే చెప్పాలె. వీలున్నంత వరకు ఒంటరిగానో కాపలాతోనో చూడబోవడానికి, అంత్యక్రియలకు అనుమతించాలె. అట్లాంటి అనుమతి ఇరవై నాలుగు గంటల్లో జైలు సూపరింటెండెంటే ఇచ్చే ఏర్పాటు కావాలె, విచారణ ఖైదీకి కూడా. ఆ దారి ఖర్చు బీదవాళ్ల నెత్తిన పెట్టొద్దు.

ఒక పని మాత్రం ఇవాళ్టి నుంచే చేద్దాం. మీ ఇండ్లల్ల, మీ ఊర్లల్ల ఇట్ల దరఖాస్తు పెట్టినవాళ్లుంటే ఆ నకలు పారేయకండి. కాదన్న కాగితం ఉంటే దాచండి. కాగితం ఇయ్యకుండా గేటు కాడ్నే నోటితో లేదన్నరా? తేదీ, టైము, లేదన్నవాని హోదా రాసిపెట్టండి. ఆ కట్ట పట్టుకుని మనం హైకోర్టుకు పోదాం.