గాజు తొడిగించుకునే చెయ్యి

ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట ఏర్పాటైందో, ఆయన దగ్గరే నేను ఇంటర్ కెమిస్ట్రీ చదువుకున్నాను. ఈ చాంద్రాయణగుట్టలోనే, కేశవగిరి వైపు సందులో ఉండేది వారిల్లు. భోజనానికి ముందు ఆయన కూజా పక్కన తడిగుడ్డలో చుట్టిపెట్టిన ఇన్సులిన్ సీసా తీసేవారు. దాన్ని కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి. అడుగున పేరుకున్న తెల్లటి పొడి మెల్లగా లేచి పాలలా కలిసిపోయేది. ఎర్రమూత సిరంజిలోకి ఎక్కిస్తూ ఒకసారి, "ఇది ఒంట్లోకి వెళ్లి ఎవరితో మాట్లాడుతుందిరా?" అన్నారు. నాకప్పుడు తెలియదు. ఆయనకు బాకీపడ్డ జవాబు ఈ సాయంత్రం మీకు చెబుతున్నాను.

ఆ తెల్లదనం స్ఫటికాలది. జింకు చుట్టూ ఆరేసి ఇన్సులిన్ అణువులు జట్టుకట్టి, ప్రోటమీన్ అనే మరో ప్రోటీనుతో కలిసి గట్టిపడ్డవి. చర్మం కింద కరిగి, ఒక్కొక్కటిగా విడిపోయాకే వాటి పని మొదలు. అణువుకు రెండు గొలుసులు: 21 అమైనో ఆమ్లాల ఎ గొలుసు, 30 ఆమ్లాల బి గొలుసు. ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం జింకు ఇన్సులిన్ స్ఫటికాలను ఎక్స్‌రేలతో శోధించి 1969లో దాని రూపం చూపించింది. మన దేశం నుంచి వెళ్లిన ఎం. విజయన్ ఆ బృందంలో ఉన్నారు.

బొమ్మ దొరికింది సరే, కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్‌లో అది ఎలా కూర్చుంటుంది? తాళం, తాళంచెవి అన్న పోలికతో అందరం సరిపెట్టుకునేవాళ్లం. వాకయామా ఇన్సులిన్ దాన్ని చెదరగొట్టింది. కొందరిలో పుట్టుకతో వచ్చిన ఆ మార్పులో ఎ గొలుసు 3వ స్థానంలో వాలీన్ బదులు లూసీన్ ఉంటుంది. తేడా ఒక్క కార్బన్. అంతమాత్రానికే రిసెప్టర్ మీద పట్టు దాదాపు పోయింది. కానీ ఆ స్థానం పైకి కనబడేదే కాదు, బి గొలుసు తోక దాన్ని కప్పేసి ఉంటుంది. తోక పక్కకు తప్పుకుంటే తప్ప రిసెప్టర్ దాన్ని తాకలేదు.

లాడ్‌బజార్‌లో గాజులు తొడిగే ఆమెను చూడండి. చేతిని నొక్కి, బొటనవేలిని లోపలికి మడిచి, ఎముకలన్నీ దగ్గరకు తెచ్చాకే గాజు దిగుతుంది. గాజు కోసం చెయ్యి రూపు మార్చుకుంటుంది. ఇన్సులినూ అంతే, కాకపోతే ముడుచుకోదు, విచ్చుకుంటుంది. మెల్‌బోర్న్‌లో మైక్ లారెన్స్ బృందం 2013, 2014ల్లో చూపింది అదే: తోక తలుపురెక్కలా తెరుచుకుంటే, రిసెప్టర్ తాలూకు చిన్న సర్పిలం ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది. రిసెప్టర్ కూడా ఊరకే ఉండదు. తలకిందులైన వి ఆకారంలోని దాని రెండు కాళ్లు దగ్గరకొచ్చి టి ఆకారంలోకి మారతాయి.

అలాగని ఇలాంటి కదలికలకు కంప్యూటర్‌లో మోడల్ కట్టేవాళ్లు గొలుసును ఇష్టమొచ్చినట్టు వంచడానికి లేదు. 1963లో మద్రాసులో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ వంపుల్లో ఏవి సాధ్యమో, ఏవి కాదో లెక్కగట్టి పటం గీశారు. నేటికీ ఆ పటం దగ్గర నిలవని మోడల్‌ను ఎవరూ నమ్మరు. కంప్యూటర్ ఎంత అందమైన బొమ్మ ఇచ్చినా నేను ముందు చూసేది అదే.

ఈ మోడళ్లలో ఒక లోటుంది. మన బొమ్మల్లో చాలావాటిలో కణపు పొర ఉండదు. ఈ హైదరాబాద్‌లోనే, సీసీఎంబీ పరిశోధన సంస్థలో, అమితాభ చటోపాధ్యాయ్ బృందం సెరటోనిన్ 1ఏ అనే వేరే జాతి రిసెప్టర్‌ను ఏళ్ల తరబడి పరిశీలించింది. పొరలో కొలెస్టరాల్ తగ్గిస్తే దాని పట్టూ సడలుతుందని చూపింది. అందుకే ఇప్పుడు నా విద్యార్థులు మోడల్ తెచ్చినప్పుడు మాస్టారి ప్రశ్నకు ఇంకొకటి జోడించి అడుగుతున్నాను: ఇది ఎవరితో మాట్లాడుతోంది, ఏ పొరలో నిలబడి?