పరదేశ పౌరసత్వ ప్రమాణము



 విద్యావ్యాప్తిని గుఱించియు, వివాహవ్యయములను గుఱించియు, విద్యార్థి వసతిగృహములను గుఱించియు మన సభలలో పెద్దలు ఏటేట ముచ్చటించుచునే యున్నారు. నేడు మేము మనవి చేయబూనిన విషయము అంతగా వేదికల నెక్కనిది. అది పరదేశ పౌరసత్వమును స్వీకరించుటకై చేయు ప్రమాణము. పత్తిచేల నడుమ, నిర్మలునుండి ఆదిలాబాదునకు బోవు రాజమార్గము ప్రక్కనున్న యీ యిచ్చోడలో, అమెరికా అధికారి యెదుట చేయు ప్రమాణముతో మనకేమి పని యని కొందఱకు దోపవచ్చును. ఆ ప్రమాణము చేయువాడు మన బిడ్డ. దానివలన మాఱునవి వాని యోటు, వాని భూమిహక్కు, వృద్ధులగు తలిదండ్రుల భవిష్యత్తు. కావున నిది మన విషయమే.

ఉత్తర తెలంగాణమునుండి పరదేశములకు బోవువారు ముఖ్యముగ రెండు మార్గముల బోవుచున్నారు. మొదటిది కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు పల్లెలనుండి దుబాయి, కువైటు, సౌదీ, ఒమాను మున్నగు సీమలకు బోవు కూలిమార్గము. రెండవది ఉన్నతవిద్యకై అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములకు బోవు విద్యామార్గము. మొదటి మార్గమున బోయినవాడు ముప్పది యేండ్లు ఎండలో గోడలు గట్టినను సామాన్యముగ నచ్చటి పౌరుడు గానేరడు. పనియొప్పందము ముగిసిననాడు మరలి రావలసినదే. ఆ దేశము వానిని ప్రమాణ మడుగదు. రెండవ మార్గమున బోయి స్థిరపడినవానికి మాత్రము ఒకనాడు ఆ ప్రశ్న యెదురగును. “నీవు మాలో నొకడవయ్యెదవా? అయినచో పూర్వపు విధేయతను విడిచెదవా?” అని ఆ దేశ మడుగును. వాడు ఊరట జెప్పుకొనుటకు ఇంటికి టెలిఫోను చేయును. ఆ సమయమున మనము వానికి చెప్పదగిన మాట యేది యనునదే మా ప్రసంగమునకు మూలము.

ఇట్టి ప్రశ్న మన నేలకు క్రొత్తది గాదు. నిజాము పాలనలో 1919వ సంవత్సరపు ముల్కీ నిబంధనలను గుఱించి పెద్దలు వినియేయుందురు. వెలుపలినుండి వచ్చినవాడు హైదరాబాదు సంస్థానమున ముల్కీ యనిపించుకొనవలెనన్న, కనీసము 15 సంవత్సరములు స్థిరనివాస ముండి, పూర్వస్థలమునకు మరలిపోవు తలంపు విడిచితినని మేజిస్ట్రేటు ధ్రువపఱచిన ప్రమాణపత్రమును పొందవలసియుండెను. సర్కారు కొలువులకు ముల్కీతనమే ద్వారము. ఆ నిబంధనలు చెల్లునని 1972లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1973లో పార్లమెంటు వానిని రద్దుచేసెను. ఏండ్ల లెక్క, మరలిపోనను మాట, అధికారి సమక్షమున ప్రమాణము అను నీ మూడును నాడు మన సంస్థాన మడిగినవే. మన యొద్దకు వచ్చినవాని నడిగినపుడు న్యాయముగ దోచినది, మన బిడ్డను మఱియొక దేశ మడిగినపుడు అన్యాయమని యనుట తగదు.

అమెరికా పౌరసత్వము మనవారికి సులభముగ లభించినది గాదు. 1790వ సంవత్సరపు వారి చట్టము స్వతంత్రులగు తెల్లవారికి మాత్రమే యా యర్హత నొసంగెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున సేవచేసిన భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుడు పౌరసత్వము గోరగా, భారతీయుడు తెల్లవాడు గాడని 1923లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతకుముందు పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వము గూడ ఆ తీర్పు పిమ్మట రద్దయ్యెను. ఆ 1923లోనే మన తెలుగువాడగు యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరిరి. ఎందఱో రోగుల ప్రాణములు నిలిపిన యౌషధములకు మూలమైన పరిశోధనలు గావించిన యా మహనీయుడు, ఆ దేశమున నిరువదియైదేండ్లు గడపి, 1948లో పౌరుడు గాకయే పరమపదించెను. 1946 జూలై 2న ల్యూస్ సెల్లర్ చట్టము వచ్చినపిమ్మటనే భారతీయులకు పౌరసత్వద్వారము తెఱచుకొనెను. అపుడు గూడ ఏటికి 100 మందికి మాత్రమే వలస కనుమతి యుండెను. 1965వ సంవత్సరపు చట్టముతో నా కట్టు వీడెను. నేడు మన బిడ్డ నిలుచుండు వరుస అంతటి నిరీక్షణకు ఫలమని మఱువరాదు.

ఇక నా పద్ధతి నించుక వివరించెదము. గ్రీన్ కార్డు లభించిన పిమ్మట సామాన్యముగ 5 సంవత్సరములు గడువవలెను. అమెరికా పౌరుని పెండ్లాడి కలిసి కాపురముండువారికి 3 సంవత్సరములు చాలును. ఆ 5 సంవత్సరములలో కనీసము 30 నెలలు ఆ దేశమున నుండియుండవలెను. ఆఱునెలలకు మించి యెడతెగక వెలుపల నున్నచో నివాసము తెగినదను శంక పుట్టును. తల్లికి జబ్బు చేసెనని ఇంటికి వచ్చి నెలల తరబడి నిలిచిపోవువారు ఈ లెక్క నెఱిగి యుండుట మేలు. పిమ్మట దరఖాస్తు, వ్రేలిముద్రలు, ఆపై అధికారితో ముఖాముఖి.

ఆ ముఖాముఖి మొదలగుటకు ముందే, సత్యమే పలికెదనని దరఖాస్తుదారు ప్రమాణము చేయవలెను. చేసిన ప్రయాణములు, చెల్లించిన పన్నులు, పెండ్లి, విడాకులు, పోలీసు కేసులు, పూర్వము వాడిన పేరులు మున్నగువానిని గుఱించి అధికారి ప్రశ్నించును. ఇంగ్లీషున నొక వాక్యము చదివి, ఒక వాక్యము వ్రాసి చూపవలెను. పిమ్మట ఆ దేశచరిత్రను, రాజ్యాంగమును గూర్చిన ప్రశ్నలు. పూర్వపు పద్ధతిలో 100 ప్రశ్నల పట్టికనుండి 10 వఱకు అడిగి, 6 సరిగ జెప్పినవానిని ఉత్తీర్ణుని జేయుచుండిరి. 2025 అక్టోబరు 20 మొదలుకొని దరఖాస్తు చేయువారికి 128 ప్రశ్నల పట్టిక యేర్పడినది. 20 వఱకు అడుగుదురు, 12 సరిగ జెప్పవలెను. తప్పినవారికి మఱియొక యవకాశము గలదు. 50 ఏండ్లు నిండి 20 ఏండ్లుగ గ్రీన్ కార్డు గలవారును, 55 ఏండ్లు నిండి 15 ఏండ్లుగ గలవారును ఇంగ్లీషు పరీక్ష లేకయే, దుబాసీ సాయముతో తెలుగుననే సమాధానములు చెప్పవచ్చును. కొడుకు వెంట బోయి దీర్ఘకాలముగ నచ్చట నున్న తల్లులు, ఇంగ్లీషు రాదని వెఱవ నక్కఱలేదు.

పరీక్షలో నెగ్గినంతమాత్రమున పౌరుడు గాడు. ప్రమాణము చేసిన క్షణముననే పౌరుడగును. అందలి మాటల సారమిది: ఇంతవఱకు నేను ప్రజగ నున్న పరరాజ్యముపై విధేయతను సంపూర్ణముగ విడుచుచున్నాను, అమెరికా రాజ్యాంగమును, చట్టములను శత్రువులనుండి కాపాడెదను, చట్టము కోరిననాడు ఆయుధము పట్టెదను, లేదా ఆయుధము పట్టని సేవ చేసెదను, మనస్సులో నేమియు దాచుకొనక, స్వేచ్ఛగ నీ బాధ్యతను స్వీకరించుచున్నాను. ఆయుధము పట్టుట తమ మతవిశ్వాసమునకు విరుద్ధమని రుజువు చేసినవారికి ఆ మాటనుండి మినహాయింపు గలదు. ప్రమాణానంతరము గ్రీన్ కార్డును తిరిగి యిచ్చివేసి, పౌరసత్వపత్రమును గైకొందురు.

సోదరులారా! ఈ ప్రమాణమును గూర్చి మనలో రెండు మాటలు వినబడుచున్నవి. ఒకటి, “వాడు కన్నదేశమును వదలినాడు” అను నింద. రెండవది, “అది కాగితపు మాటయే, నోటితో నని మనస్సులో మనదేశమే యనుకొనిన జాలును” అను తేలిక. ఈ రెండును సరిగావని మా యభిప్రాయము. పని గల చోట, బిడ్డలు పెరుగుచున్న చోట, పన్ను గట్టుచున్న చోట ఓటుహక్కు గోరుట ద్రోహము గాదు. తలిదండ్రులను స్థిరనివాసులుగ దనయొద్దకు రప్పించుకొనుటకు గ్రీన్ కార్డు చాలదు; 21 ఏండ్లు నిండిన పౌరుడే వారికొఱకు దరఖాస్తు చేయగలడు. తల్లికొఱకు ప్రమాణము చేసినవానిని తల్లిని విడిచినవాడనుట యెట్లు? ఇక రెండవ మాట మఱింత ప్రమాదకరము. మనస్సులో నేమియు దాచుకొనలేదను మాట ఆ ప్రమాణములోనే కలదు. దాచుకొని పలికినవాడు తొలిమాటతోనే యబద్ధమాడినవాడగును. మన పెద్దలు ఆడినమాట తప్పనివానినే మనిషి యనిరి. ఆ నీతి సముద్రము దాటినంతనే చెల్లకపోదు.

పైగా మన దేశపు చట్టమును దీనిని కాగితపు మాటగ జూడదు. 1955వ సంవత్సరపు పౌరసత్వ చట్టము 9వ సెక్షను ప్రకారము, స్వేచ్ఛగ పరదేశ పౌరసత్వమును గైకొన్న భారతీయుని భారతపౌరసత్వము దానంతటదియే పోవును. రెండు పౌరసత్వములను మన చట్ట మంగీకరింపదు. భారత పాస్‌పోర్టును ఒప్పగింపవలెను. దానినే దగ్గఱ నుంచుకొని ప్రయాణములకు వాడుట నేరము. మన దేశము వారి కొసంగునది ఓ.సి.ఐ. కార్డు. 2006 జనవరిలో మన హైదరాబాదున జరిగిన ప్రవాసభారతీయ దినోత్సవముననే నాటి ప్రధాని మన్మోహన్ సింగుగారు తొలి కార్డుల నొసంగిరి. ఆ కార్డు గలవాడు జీవితాంతము వీసా లేక రాకపోకలు సాగింపవచ్చును, ఇల్లు కొనవచ్చును. కాని యోటు లేదు, ఎన్నికలలో నిలువరాదు, సేద్యభూమిని కొనరాదు. తండ్రినుండి సంక్రమించిన సేద్యభూమి నుంచుకొనవచ్చును గాని, అమ్మదలచినచో భారతదేశమున నివసించు భారతపౌరునికే యమ్మవలెను. పంపిన సొమ్ముతో కొడుకు పేర పత్తిచేను గొనదలచిన తండ్రి ఈ మాట నెఱుగక బయానా యిచ్చినచో నష్టపడును.

“కావలసిననాడు మరల భారతపౌరుడనయ్యెదను” అనుకొనువారికి మన కరీంనగరు సీమయందే యొక యుదాహరణము గలదు. వేములవాడ శాసనసభ్యులుగ ననేక పర్యాయములు ఎన్నికైన చెన్నమనేని రమేశుగారు 1993లో జర్మను పౌరసత్వము గైకొనిరి. 2008లో భారతపౌరసత్వమునకు దరఖాస్తు చేయగా 2009లో లభించెను. అట్టి దరఖాస్తునకు ముందు 12 నెలలు భారతదేశమున నివసించియుండవలెనని చట్టము. ఆ నివాసము పూర్తిగాలేదని యాక్షేపణ రాగా, వ్యాజ్యము పదేండ్లకుపైగ నడచెను. కేంద్రప్రభుత్వము పౌరసత్వమును రద్దుచేసెను. 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు వారి పిటిషనును కొట్టివేసి, 30 లక్షల రూపాయలు చెల్లింపుమని యాదేశించెను. రాజకీయపక్షములతో మాకు బనిలేదు. వ్యక్తులను విమర్శించుట మా యుద్దేశము గాదు. మరలివచ్చు దారి తెఱచియే యున్నను, అది దినములు లెక్కించు దారి యని గ్రహించిన జాలును.

పరదేశీయుడు భారతపౌరుడు గాదలచినను మన చట్టము వానినుండి యిట్టివే కోరును. సామాన్యముగ దరఖాస్తునకు ముందటి 12 నెలలును, అంతకుముందటి 14 ఏండ్లలో 11 ఏండ్లును ఇచ్చట నుండియుండవలెను. మన రాజ్యాంగమునకు విధేయుడనై యుందునని ప్రమాణము చేయవలెను. రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని భాషలలో నొకటి తగినంతగ వచ్చియుండవలెను. ఆ భాషలలో మన తెలుగు నొకటి. మన భాషను దేశమునకు ద్వారముగ నిలిపిన చట్టమును జూచి మనము సంతసింపవలసియున్నది.

కావున సంఘమువారికి మేము మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది పత్రముల విషయము. మనలో ఇంటిపేరు ఒకచోట ముందును, ఒకచోట వెనుకను ఉండును. పాఠశాలలో వేసిన పుట్టినతేది యొకటి, ఇంటివా రెఱిగినది మఱియొకటి. ఇరువది యేండ్ల పిమ్మట పరదేశపు అధికారి యెదుట ఈ తేడాలకు బిడ్డ సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును. పుట్టిననాడే జననపత్రము తీయించి, ఒకే పేరు, ఒకే తేది యన్నిట నుండునట్లు చూచుటకు ప్రతి గ్రామమున సంఘసభ్యులు పూనుకొనవలెను.

రెండవది సత్యము. ముఖాముఖిలో దాచిన చిన్న విషయము పిమ్మట పెద్ద దోషమగును. అబద్ధముతో బొందిన పౌరసత్వమును ఆ దేశము రద్దుచేయగలదు. “అది చెప్పకుము, ఎవరికి దెలియును” అని సలహా యిచ్చు బంధువు, ఆనాడు సాయమునకు రాడు.

మూడవది ఇంటి సంప్రదింపు. ప్రమాణము నాటికి ముందే తండ్రియు, కొడుకును, కోడలును కూర్చుండి భూమి యెవరి పేర నుండవలెను, వృద్ధులు ఎచ్చట నుండదలచినారు, మరలివచ్చు నుద్దేశము నిజముగ గలదా యని తేల్చుకొనవలెను. మరలివచ్చు నుద్దేశము దృఢముగ నున్నవాడు గ్రీన్ కార్డుతోనే నిలిచియుండుట యుత్తమము కావచ్చును. అచ్చటనే జీవితమని తేల్చుకొన్నవాడు సంకోచము లేక ప్రమాణము చేయవచ్చును. అట్టివానిని మనము పరాయివాని జేయరాదు. మన శుభకార్యములకు, మన సభలకు మునుపటివలెనే పిలువవలెను. ప్రమాణము మాఱ్చునది రాజ్యవిధేయతను; రక్తబంధమును గాదు, మాతృభాషను గాదు.