తలశ్శేరి – సర్కసు శ్రామికుల పుట్టినిల్లు

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల తరగతిలో సర్కసు ప్రసక్తి ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. డేరాలతో, జంతువులతో, వందలాది మనుషులతో దేశమంతా తిరిగిన ఆ పరిశ్రమను మోసినవి మన రైళ్ళు. ఆ మనుషుల సంపాదనను ఇళ్ళకు చేర్చినవి మన పోస్టాఫీసులు. తపాలా శాఖ మనియార్డరు సేవను చేపట్టిన 1880లోనే మన దేశపు తొలి సర్కసు కంపెనీ కూడా పుట్టింది.

బొంబాయిలో ఇటలీ దేశస్థుడు కియారినీ ప్రదర్శన చూచిన మహారాష్ట్ర అశ్వశిక్షకుడు విష్ణుపంత్ ఛత్రే 'గ్రేట్ ఇండియన్ సర్కస్'ను స్థాపించాడు. అయితే గుర్రపుస్వారీ ఒక్కటే సర్కసు కాదు. గాలిలో ఊగగల, తాడుపై నడవగల మనుషులు కావాలి. ఆ దశకం చివర దక్షిణాదిన పర్యటిస్తూ ఛత్రే మలబారు తీరంలోని తలశ్శేరి చేరాడు. మిరియాల ఎగుమతికి పేరుపడిన చిన్న రేవు పట్టణమది. అక్కడ కీలేరి కున్హికణ్ణన్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఉండేవాడు. కళరి విద్య ఎరిగిన ఆయన, ఛత్రే కోరికపై యువకులను సర్కసుకు తయారుచేయ పూనుకున్నాడు. 1901లో చిరక్కరలో శిక్షణాలయమే నెలకొల్పాడు.

1888లో కోళిక్కోడు చేరిన రైలుమార్గం 1907 నాటికి తలశ్శేరి మీదుగా మంగళూరు వరకు సాగింది. ఆ సంవత్సరాలలోనే ఆ ఊరి విద్య కూడా దేశం మీదకు బయలుదేరింది. శిష్యుడు పరియాళి కణ్ణన్ 1904లో 'గ్రాండ్ మలబార్ సర్కస్' ప్రారంభించాడు. మరొక శిష్యుడు కణ్ణన్ బొంబాయో తాటి విన్యాసాలతో ఐరోపా, అమెరికాలలో ఖ్యాతి గడించాడు. 1939లో గురువు మరణించగా ఎం.కె. రామన్ శిక్షణను కొనసాగించాడు. అక్కడ నేర్చిన ఎం.వి. శంకరన్ 1951లో జెమినీ సర్కసును ప్రారంభించి, 2023లో కన్నుమూశారు.

మన తెలుగునాట వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు సైతం విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు కంపెనీ నడిపినవాడే. రెండు చోట్లా ఈ పరిశ్రమకు పునాది పెట్టుబడి కాదు. నేర్పిన విద్య, శ్రామికుని దేహం.

ఆ దేహమే ఈనాటి మన ప్రశ్న. మనకు బదిలీ అయితే సర్వీసు రికార్డు వెంట వస్తుంది. పదవీ విరమణకు నిర్ణీత వయస్సున్నది. సర్కసు శ్రామికునికి బిగువు సడలిన నాడే విరమణ. కంపెనీ మారితే పాత సేవకు లెక్క ఉండదు. స్థిరమైన చిరునామా లేనివానికి ఏ ఊరి అధికారి జవాబుదారీ?

1998 నాటి కేంద్ర ప్రకటన పులులు, సింహాలు, ఎలుగుబంట్లు మొదలైన వాటి ప్రదర్శనను నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2011లో సర్కసులలో బాలల నియామకాన్ని ఆ కోర్టే నిషేధించింది. ఈ తీర్పులు న్యాయమైనవి. వాటిని మనం హర్షించాలి. పేదింటి బిడ్డ బాల్యాన్ని డేరాకు అప్పగించి నిలిచే కళను మనం కోరము. కానీ యౌవనమంతా ధారపోసిన వయోజనులకు ప్రత్యామ్నాయమేది? తలశ్శేరిలో 2010లో కేరళ ప్రభుత్వం తెరచిన సర్కసు అకాడమీ సైతం ఎక్కువకాలం సాగలేదు.

కనుక సోదరులారా, మీ ఊరికి సర్కసు వచ్చినప్పుడు ప్రదర్శన చూచి తిరిగిరావద్దు. డేరా వెనుకకు కూడా వెళ్ళండి. వారి పేర్లు భవిష్యనిధి పట్టీలో ఉన్నవా, గాయపడితే వైద్యమెవరిది అని విచారించండి. నిధిలో పేరు లేనివారికి 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదు గురించి చెప్పి, ఫారం నింపడానికి తోడ్పడండి. ఒకచోటినుండి మరొక చోటికి సాగిపోయే శ్రామికుని హక్కు కూడా అతనితోపాటే సాగిపోవాలి. ఈ డిమాండును ఊరూరా విస్తరించిన శాఖలున్న మన సంఘాలకంటె బలంగా వినిపించగలవారెవరు?