సీమ దాటిన వ్యాపారము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుట్టిన ఊరు విడిచి, పరాయి భాషల నడుమ అంగళ్లు పెట్టి నిలదొక్కుకున్న కుటుంబాలు మనవి. పొలిమేర దాటిన వ్యాపారము ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తరుగుతుంది అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. ఈనాడు మన పిల్లలు సరుకును సముద్రాల కావలికి పంపుదామంటున్నారు. కనుక ఆ విషయము కొంత విచారిద్దాము.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ మందుల సంస్థను స్థాపించారు. మనోవ్యాకులతకు వాడే ఫ్లూఆక్సెటిన్ మందును, 40 మిల్లీగ్రాముల మోతాదులో, తక్కిన జనరిక్ సంస్థల పోటీ లేకుండా 180 దినాలు అమ్ముకునే హక్కు 2001లో ఆ సంస్థకు అమెరికాలో లభించినది. భారతీయ సంస్థకు అటువంటి హక్కు దక్కడము అదే మొదలు. దానితో ఆదాయమూ పెరిగినది, ధైర్యమూ పెరిగినది.

2006లో ఆ సంస్థ జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. జర్మనీలో మందుల ఖరీదు చాలావరకు ఆరోగ్య బీమా నిధులే చెల్లిస్తాయి. ఇంతలో అక్కడి చట్టాలు మారినవి. నిధులు టెండర్లు పిలిచి, తక్కువ ధర చెప్పినవారి మందులకే మొగ్గినవి. ధరలు పడిపోయినవి. బీటాఫార్మ్ కోసము పెట్టిన విలువలో పెద్ద భాగము లెక్కలలో కొట్టివేయవలసి వచ్చినది. 2008-09 సంవత్సరము నష్టముతో ముగిసినది. మారినది సరుకు కాదు, చట్టము!

అయినా సంస్థ నిలిచినది. ఎందుచేతనంటే అమెరికా, రష్యా, స్వదేశము మొదలైన చోట్ల దానికి అమ్మకాలున్నవి. ఒక బజారులో దెబ్బ తగిలితే తక్కినవి ఆదుకున్నవి. ఆస్తి అంతా జర్మనీలోనే పెట్టిన చిన్న వర్తకునికి ఆ దెబ్బ తగిలి ఉంటే, కోలుకునే అవకాశము ఉండేదా?

విదేశ వ్యాపారము సంస్థను పెంచగలదు. తొందరపడితే ఉన్నదీ ఊడ్చగలదు. మన పెద్దలు కొత్త ఊరిలో మొదట ఆ ఊరి భాష, తూనికలు, అరువు పద్ధతి తెలుసుకున్నారు. చిన్న అంగడితో మొదలుపెట్టి, తరువాతనే గిడ్డంగి కట్టారు. ఆ వరుస సముద్రము దాటినా చెల్లుతుంది.

కాబట్టి మన యువకులకు ఒక మనవి. అక్కడ చివరకు డబ్బు చెల్లించేది ఎవరు? ధరను శాసించే చట్టము ఎవరి చేతిలో ఉన్నది? అక్కడి పెట్టుబడి అంతా పోయినా ఇక్కడి అంగడి తెరచి ఉంటుందా? ఈ మూడు ప్రశ్నలను కొత్త ఖాతా పుస్తకము మొదటి పుటలో వ్రాసుకొని, జవాబులు దొరికిన పిదప సరుకును ఓడ ఎక్కించమని కోరుతున్నాము.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.