ఇంటి వాన గొట్టాలు: మరమ్మతు, సంరక్షణ

(పెన్షనర్ల దినోత్సవ సభలో అరకులోయకు చెందిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేలింది. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. ఇంటికి పనికివచ్చే విషయం ఏదైనా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. అందుచేత ఇంటి కప్పు మీది నీటిని కిందికి దించే గొట్టాల గురించి మనవి చేయదలచాను. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అని కొందరు నవ్వుకోవచ్చు. కాని మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవాళ్ళం. ఆ ఇంటిని రెండోసారి కట్టే వయసు గాని, డబ్బు గాని మనకు లేవు. కట్టినదాన్ని కాపాడుకోవటమే మిగిలింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. నీటిని కిందికి దించటంతో గొట్టం పని అయిపోదు. మన గోడకు, మన పునాదికి, మన దిగువ ఇంటివారికి హాని లేని చోట ఆ నీటిని వదిలినప్పుడే దాని పని పూర్తి అవుతుంది. మిగతా అంతా దీని వివరణే.

ఎంత నీరు?

గుమాస్తాను కాబట్టి ముందు లెక్క చెబుతాను. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 1000 చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఒక సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి, ఆ డాబా మీద 4,650 లీటర్లు పడినట్టు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 310 బిందెలు. మన్యంలో జూన్ నుండి అక్టోబరు దాకా ఇటువంటి సాయంత్రాలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఆ 310 బిందెలూ ఒకే మూల, ఒకే గోడ పక్కన గుమ్మరిస్తే ఏ పునాది ఆగుతుంది?

మన కొండల్లోని పాత ఇళ్ళను చూడండి. మట్టిగోడలే, అయినా నిలిచాయి. గడ్డి కప్పును బాగా కిందికి దించి, చూరును గోడకు దూరంగా వదిలి, చుట్టూ అరుగు ఎత్తి, అలికి ఉంచేవారు. చూరు నీళ్ళు అరుగు అవతల పడేవి. వాటికి గొట్టం లేదు గాని నీటికి దారి ఉంది. మనం రేకులు వేశాం, స్లాబులు వేశాం, చూరు కురచ చేశాం. అరుగు చేసే పనిని గొట్టానికి అప్పగించాం. అప్పగించిన తరువాత అటువైపు చూడటం మానేశాం.

ఒక రికార్డు గది కథ

సర్వీసులో ఉండగా ఏజెన్సీలోని ఒక కార్యాలయంలో చూసిన సంగతి చెబుతాను. పేరు అనవసరం. భవనం వెనుక వైపు పాత పోత ఇనుప గొట్టం ఒకటి ఉండేది. పైన వంపులో ఆకులు పేరుకుని, అతుకులో రావి మొక్క మొలిచింది. గొట్టం గోడకు ఆనుకుని ఉన్నందున వెనుక భాగంలో వచ్చిన పగులు ఎవరికీ కనబడలేదు. లోపల అది రికార్డు గది గోడ. మొదట సున్నం ఉబ్బింది, తరువాత బూజు పట్టింది, మూడో ఏడాదికి కింది అరలోని కట్టలు ముద్ద అయ్యాయి.

మరమ్మతుకు ఉత్తరాలు వెళ్ళాయి. వానాకాలంలో రాస్తే వానలు తగ్గాక ఎస్టిమేటు వచ్చింది. ఎస్టిమేటు మంజూరయ్యే లోపల మార్చి 31 దాటి నిధులు మురిగిపోయాయి. ఇది మీలో చాలామందికి తెలిసిన వ్యవహారమే.

ఆ కట్టల్లో భూమి కాగితాలు ఉన్నాయి. ఏజెన్సీలో గిరిజనుడి భూమికి 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అనే చట్టం, రక్షణగా ఉంది. కాని ఆ రక్షణ కోరి వచ్చిన మనిషి పాత రికార్డు నకలు చూపించాలి కదా. కొండ దిగి, నడిచి వచ్చిన ఒక పెద్దాయనకు "నీ కట్ట తడిసిపోయింది, చదవటానికి వీలులేదు" అని చెప్పటం నేను విన్నాను. ఆయన ఏమీ అనలేదు. కట్ట వైపు కాసేపు చూసి వెళ్ళిపోయాడు. గుప్పెడు ఆకులు తీసివేసి ఉంటే ఆ కాగితం నిలిచేది. చిన్న విషయమా అన్నవారికి ఇదే నా సమాధానం.

ఎప్పుడు చూడాలి?

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. అలాగే ఇంటికి కూడా ఏడాదికి రెండుసార్లు తనిఖీ పెట్టుకోవాలి.

మొదటిది చైత్రంలో, ఇటుకల పండుగ వెళ్ళిన వారం. కాఫీ తోటల్లో నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్లు ఎండాకాలంలో ఆకు బాగా రాలుస్తాయి. ఆ ఆకు తేలిక. గాలికి ఎగిరి దోనెల్లోను, డాబా మూలల్లోను చేరుతుంది. మొదటి జల్లుకు తడిసి చాపలాగా అంటుకుంటుంది. కాబట్టి ఎండి ఉండగానే తీయించాలి. ఏమైనా మరమ్మతు ఉంటే మృగశిర కార్తెలోపు పూర్తి చేయించాలి.

రెండోది వానలు తగ్గాక, కార్తీక మాసంలో. తుపానులు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు కాఫీ తోటల్లో నీడ చెట్లు ఎన్ని కూలాయో మరచిపోలేదు కదా. అంత గాలికి గొట్టం విరగకపోయినా క్లాంపులు వదులవుతాయి. పైకి బాగానే కనబడుతుంది, మరుసటి వానకు అతుకు ఊడుతుంది.

ఏమి చూడాలి?

ఒకటి, పైన నోరు. డాబా మీద గొట్టం మొదలయ్యే చోట ఉబ్బెత్తు జాలీ ఉండాలి. చదును జాలీ మీద ఒక్క పెద్ద ఆకు పడితే చాలు, మూసుకుంటుంది. రేకుల ఇంటికి చూరు దోనె ఉంటే అది గొట్టం వైపుకు పది అడుగులకు అర అంగుళం చొప్పున వాలి ఉండాలి. ఒక చెంబు నీళ్ళు పోస్తే ఎక్కడ ఆగుతున్నదీ తెలిసిపోతుంది.

రెండు, అతుకులు. పై గొట్టం చివర కింది గొట్టం నోటిలోకి దిగాలి. కొందరు పనివారు తొందరలో తలకిందులుగా బిగిస్తారు. అప్పుడు ప్రతి అతుకు దగ్గర నీరు బయటికి కారి గోడ మీద పడుతుంది. ప్లాస్టిక్ గొట్టం ఎండకు సాగి, చలికి ముడుచుకుంటుంది. మన దగ్గర మాఘ మాసపు చలి, వైశాఖపు ఎండ రెండూ ఉన్నాయి కాబట్టి రబ్బరు రింగు ఉన్న అతుకులు మేలు. గొట్టాన్ని చివరంటా కుక్కకుండా కొద్దిగా సందు వదలమని చెప్పాలి.

మూడు, క్లాంపులు. ఐదారు అడుగులకు ఒకటి ఉండాలి. గొట్టానికి, గోడకు మధ్య వేలు దూరేంత ఎడం ఉండాలి. ఆ ఎడం ఉంటే పగులు కనబడుతుంది, సున్నం వేయటానికి వీలుంటుంది. వెనుక వైపు చూడటానికి గడ్డం గీసుకునే అద్దం చాలు.

నాలుగు, సైజు. గంటకు 100 మిల్లీమీటర్లు కురిసే జోరు వానకు 100 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది. ఇందాక చెప్పిన 1000 అడుగుల డాబాకు ఒక్క గొట్టం చాలదన్నమాట. రెండు తప్పవు, మూడు ఉంటే నిశ్చింత. కొనేటప్పుడు 13592 నంబరు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. అందులో "ఎ" రకం వాన నీటికి, "బి" రకం మరుగుదొడ్డి నీటికి ఉద్దేశించినవి. కరెంటు వైర్లకు వాడే పలుచని గొట్టం చవక అని పెట్టిస్తే రెండు వేసవులకు పెళుసెక్కి పగులుతుంది.

మూసుకుపోయిన గొట్టాన్ని ఇనుప ఊచతో పైనుంచి పొడవవద్దు. వంపు పగులుతుంది. కింది ముక్క ఊడదీసి, సన్నని వెదురు కర్రకు తడిగుడ్డ చుట్టి కిందినుంచి కదిపి, పైనుంచి బకెట్టు నీళ్ళు పోస్తే చాలావరకు దిగిపోతుంది. రావి మొక్కను కొమ్మ తుంచితే లాభం లేదు, వేరుతో తీయాలి. పాత ఆస్‌బెస్టాస్ రేకులను, గొట్టాలను పొడిగా కోయటం, గీకటం చేయరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. బాగా తడిపి, ముక్కలు చేయకుండా దించాలి.

కింది చివర

ఇక అసలు సంగతికి వస్తాను. మైదానంలో గొట్టం చివర ఇంటి పక్కనే వదిలినా నీరు నాలుగు వైపులా పరచుకుంటుంది. కొండ మీద అలా కాదు. ఇక్కడ ప్రతి ఇల్లూ ఎవరో ఒకరి ఇంటికి ఎగువనే ఉంటుంది. నీరు ఒకే చోట పడితే ముందు గుంట చేస్తుంది, తరువాత చాలు తీస్తుంది, ఆ తరువాత మట్టిని పట్టుకుపోతుంది. ఒక్కొక్క చుక్క కలిసి బొర్రా గుహలను తొలిచింది. మన పునాది అంతకంటే గట్టిది కాదు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద పెద్ద వానలకు కొండచరియలు విరిగిపడి బళ్ళు ఆగిపోవటం మనం చూస్తూనే ఉన్నాం.

కాబట్టి గొట్టం చివర బయటికి తిరిగిన వంపు పెట్టించాలి. నీరు పడే చోట బండరాయి వేయాలి. గోడ చుట్టూ రెండు మూడు అడుగుల వెడల్పున గచ్చు, బయటి వైపుకు వాలుగా చేయించాలి. అక్కడినుంచి రాళ్ళు పరచిన కాలువ ద్వారా వీధి కాలువకో, గెడ్డకో నీటిని చేర్చాలి. ఇంకుడు గుంత మంచిదే గాని గోడకు కనీసం పది అడుగుల దూరంలో, చదును నేలలో తవ్వాలి. దిబ్బ అంచున తవ్వితే నేల నాని జారుతుంది.

మా వీధిలో ఎగువ ఇంటి గొట్టం నీరు దిగువ ఇంటి వంటగది గోడ మీద పడేది. రెండు కుటుంబాలూ మూడేళ్ళు మాట్లాడుకోలేదు. పెళ్ళి పిలుపులు కూడా మానుకున్నారు. చివరికి ఎగువ ఇంటి అబ్బాయి సెలవులకు వచ్చి ఇరవై అడుగుల గొట్టం కొని, కాలువ దాకా పొడిగించాడు. ఆ సాయంత్రం దిగువ ఇంటినుంచి టీ వచ్చింది. చట్టం ఏమి చెబుతుందో వెతకటానికి ముందు ఇరవై అడుగుల గొట్టం ధర కనుక్కోండి.

కొన్ని జాగ్రత్తలు

దోనెలో, డ్రమ్ములో నిలిచిన నీటిలో వారం పది రోజుల్లో దోమ పుడుతుంది. ఏజెన్సీ మలేరియా దోమ ఎక్కువగా కొండవాగుల్లో పెరిగేది. మన ఇంటి నిలవ నీటిలో పెరిగేది డెంగీ దోమ. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది అందుకే. వాన నీరు పట్టుకునే డ్రమ్ముకు మూత, గుడ్డ ఉండాలి. మొదటి వాన నీటిని వదిలేయండి. తరువాతది మొక్కలకు, కడుగుళ్ళకు వాడండి.

అన్నిటికంటే ముఖ్యం: డెబ్బై దాటినవారు నిచ్చెన ఎక్కవద్దు. గొట్టం విరిగితే అతుకుతుంది, తుంటి ఎముక విరిగితే ఏం జరుగుతుందో మన సంఘంలో చూశాం. ఎక్కేవారికి కూడా నిచ్చెన పన్నెండు అడుగుల ఎత్తుకు మూడడుగుల ఎడంగా వేయించండి, కింద ఒకరు పట్టుకోవాలి. కరెంటు సర్వీసు వైరు దగ్గర ఇనుప నిచ్చెన వద్దు. గొట్టం వంపుల్లో కందిరీగలు గూడు కడతాయి, ముందు దూరంనుంచి చూడమనండి. ఎక్కి పనిచేసిన మనిషికి కూలి ఆ సాయంత్రమే ఇవ్వండి, మరుసటి ఏడు పిలిస్తే వస్తాడు.

మన వంతు పని కిందే ఉంది. జోరు వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి. నీరు ఎక్కడ కారుతున్నది, ఎక్కడ పడుతున్నది, ఎటు పోతున్నది, ఈ మూడూ ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి. నోట్ ఫైలు రాయటం మనకు కొత్త కాదు. ఈ ఫైలుకు పై అధికారి లేడు, మంజూరు చేసేది మనమే. కాబట్టి మార్చి 31 దాకా ఆపవద్దు.